నాలుగో పిస్టన్

బోరు కొట్టిన ఇంజన్ బ్లాక్ ముందొచ్చింది, పిస్టన్లు రాలేదు. మెకానిక్ మొగిలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఎవడన్న గిట్ల చేస్తడా, రామచంద్రం? పిస్టన్ చేతిల పట్టుకొని లేతు కాడికి పోవాలె. దాని కొలత జూసి బోరు కొట్టియ్యాలె. నువ్వేమో ముందుగాల బోరు కొట్టిచ్చుకొచ్చినవ్. అంగి కుట్టిచ్చుకొని, ఇగ దానికి సరిపోయే మనిషిని దేవులాడుతవా?”

“ఒర్రకు. కరీంనగర్ నిరంజన్ సేటు ఫోన్ల చెప్పిండు. నలభై సైజు సెట్టు ఉన్నది, నీ పేరు మీద పక్కకు పెడ్త అన్నడు.”

“ఫోన్ల నేను గూడ శాన చెప్త.”

మొగిలి బ్లాకును బల్ల మీదికి ఎత్తించి, నాలుగు బోర్లలోనూ వేలు తిప్పి చూశాడు. పని నున్నగా ఉంది, దానికి వంక పెట్టడానికి లేదు. పాత పిస్టన్లు ఇరవై సైజువి. అరిగిన గోడలను కోసి వెడల్పు చేస్తే తరువాతి సైజు నలభై. ఒకసారి కోశాక గోడ మళ్లీ పెరగదు. ఇంకా కోద్దామంటే ఈ బ్లాక్ గోడలు ఆగవు. ఇదంతా మొగిలి ముందే చెప్పాడు. విన్నదెవరు? రామచంద్రం మనిషి మంచివాడే, ఓపికే లేదు. చాయ్ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునే రకం.

బెల్లంపల్లి రైల్వే గేటు అవతల మొగిలి షెడ్డు. దాని ముందు రామచంద్రం తెల్ల అంబాసిడర్ బానెట్ ఎత్తుకొని, లోపలంతా బోసిగా నిలబడి ఉంది. కింద గోనెసంచి మీద పాత పిస్టన్లు నాలుగు. మూడింటికి రింగులు కూర్చునే గాళ్లు విరిగి, పక్కలు గీసుకుపోయాయి. నాలుగోదాన్ని మొగిలి గుడ్డతో తుడిచి వెలుతురులో తిప్పాడు.

“గిదొక్కటి మంచిగున్నది. దాచిపెడ్త.”

“దాచిపెట్టి పూజ చేస్తవా? నాది ముష్టి బండి అనుకున్నవా? పాతది ఒక్కటి గూడ లోపటికి పోవద్దు. నాలుగు ఒక్క డబ్బాలయే ఉండాలె!”

“నీ బండి, నీ ఇష్టం,” అని మొగిలి ఆ పిస్టన్‌ను దేవుడి పటాల కింద అరమీద పెట్టాడు.

రామచంద్రం ఇంటి దారి పట్టాడు. కంపెనీ క్వార్టర్ల సందులో, బావ హనుమండ్లు ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. హనుమండ్లు అంటే భార్య బాలలక్ష్మికి అన్న. బొగ్గు బాయిలో పైకప్పు కూలి తుంటి విరిగినప్పుడు లోపల రాడ్డు వేశారు, కుడికాలు అప్పటినుంచి వంగదు. ఆపైన కిడ్నీలు పోయాయి. ఒకరోజు తప్పించి ఒకరోజు మంచిర్యాల దవాఖానకు పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలి. కొత్త కార్లలో ఆ కాలు పట్టదు. అంబాసిడర్ వెనక సీటులోనైతే బావ కాలు బారజాపి, దర్జాగా మంచం మీద పడుకున్నట్టు పోయేవాడు.

ఇప్పుడు ఆటోలో నుంచి ఇద్దరు పట్టి దించుతున్నారు. ఆయన ఏడవలేదు, మూలగలేదు. పై పెదవిని పళ్లతో గట్టిగా పట్టుకున్నాడు. దిగి గోడకు చేరగిలబడ్డాక అన్నాడు.

“బావా, ఇగ నేను పోను.”

“పోకుంటే ఎట్ల?”

“గా గుంతలల్ల ఒక్కొక్క దెబ్బకు పానం పోయి వస్తుంది. దవాఖానల సూదులు గుచ్చితె నొప్పిలేదు గాని, తొవ్వలనే సచ్చిపోతున్న. బండి అయితె చెప్పు, వస్త. కాకుంటె లే.”

“రేపే తెస్త పిస్టన్లు. నాలుగు దినాలల్ల నిన్ను పెండ్లికొడుకు లెక్క తీస్కపోత,” అన్నాడు రామచంద్రం. మంచి బోరు మెషిన్ ఖాళీగా ఉందని తెలిసి, సంబరపడి, పిస్టన్ల కోసం ఆగకుండా బ్లాక్‌ను లేతుకు మోసుకుపోయింది తానే కదా.

తెల్లారి మొదటి బస్సుకే కరీంనగర్ చేరాడు. నిరంజన్ దుకాణం విడిభాగాల సందులో ఉంది. సేటు నవ్వు మొహంతో చాయ్ తెప్పించాడు, బెల్లంపల్లిలో ఎండలెట్లున్నయని అడిగాడు, ఆ తరువాత పైఅరలోంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దించాడు. పెట్టె తేలికగా ఉందని చేతిలోకి తీసుకున్నప్పుడే రామచంద్రానికి అనుమానం రావాల్సింది. దారం విప్పితే లోపల మూడు పిస్టన్లు మూడు గూళ్లలో నూనె కాగితాలు చుట్టుకొని పడుకున్నాయి. నాలుగో గూడు ఖాళీ.

“ఇదేంది సేటూ?”

“మూడున్నయి.”

“మూడున్నయని నాకు గూడ కనవడుతుంది. నాలుగోది ఏది?”

“మొన్ననే ఒకామె వచ్చింది. ఒక్కటే గావాలంది. ఇయ్యనన్న. గల్లా ముందర కూసున్నది, లేవదు. బ్యారం సాగనియ్యదు. ఇగ ఏం జేస్త, ఇచ్చి పంపిన.”

“నా పేరు మీద పక్కకు పెట్టిన అన్నవ్ గద!”

“పక్కకే పెట్టిన. పక్కకున్నది జూసే అడిగింది.”

రామచంద్రం ఆగలేదు. నీ మాట నమ్మి బ్లాక్ కోయించిన, నీ నోటికి తాళం లేదా, సెట్టు విరగ్గొట్టి అమ్మెటోడు దుకాణం ఎందుకు పెట్టాలె అని సందంతా వినేటట్టు అరిచాడు. నిరంజన్ తల పంకిస్తూ, పక్కనున్న కస్టమర్‌కు ఆయిల్ ఫిల్టర్ చుట్టి ఇచ్చాడు. ఆ నిమ్మళమే రామచంద్రాన్ని ఎక్కువ కాల్చింది.

“ఆ బండ్లు తయారుచేసుడే బందాయె, అన్నా. మూడు దొరికినయంటే నీ అదృష్టం. తీస్కపో. రింగులు నాలుగు బోర్లకూ ఇస్త, రింగులకు కొదువలే.”

“పిస్టన్ లేని బోరుకు రింగు ఎందుకు? నా వేలుకు పెట్టుకోవాల్నా?”

మూడింటినీ సంచీలో వేసుకొని, నాలుగోదాని కోసం ఆ రోజూ మర్నాడూ ఊరంతా కాళ్లరిగేలా తిరిగాడు. ఒకడు జీపు పిస్టన్ తెచ్చి ముందు పెట్టి, కొంచెం గీకితే పడుతుందన్నాడు. ఇంకొకడు ఫోన్‌లో బొమ్మ చూపించి, ఆర్డర్ పెడితే ఇంటికే వస్తుందన్నాడు. తీరా చూస్తే అది గోడకు తగిలించుకునే గడియారం, పిస్టన్ ఆకారంలో చేసింది. హైదరాబాద్‌లో ఒకడు ఉందన్నాడు, ఉందన్నవాడు మళ్లీ ఫోన్ ఎత్తలేదు. మరొక ముసలి దుకాణదారు జాలిపడి, “బిడ్డా, దాన్ని కాంటాకు పెట్టరాదు,” అన్నాడు. బండిని తుక్కు కింద తూకానికి అమ్మమనడం. రామచంద్రం ఆ ముసలాయన వంక చూసిన చూపుకు ఇంకొకరైతే దుకాణం మూసుకునేవారు.

బస్టాండులో కూలబడి మొగిలికి ఫోన్ చేశాడు.

“మూడు దొరికినయా? ఇంకేంది మరి,” అన్నాడు మొగిలి. “ఒక్క బోరుల స్లీవ్ ఏద్దాం. ఇనుప గొట్టం దిగ్గొట్టి దాన్ని ఇరవైకి తెస్త, గోడకు గూడ బలమే. నీ పాత పిస్టన్ మంచిదొకటి ఉన్నది గద, దాన్నే ఏసుకుందాం.”

“మూడు ఒక తీరు, ఒకటి ఒక తీరా? బండి వణుకది?”

“జర తూకం జూసి ఏస్తె ఏం గాదు.”

“నీకేం, నువ్వు షెడ్డుల కూసుంటవ్. వెనుక సీట్ల పండేది మా బావ. ఇంజన్ వణికితె ఆయన తుంటిలకు పోతది దెబ్బ. ఆటోకు, నా బండికి ఇగ ఫరక్ ఏముంటది? నాలుగు ఒక్క సెట్టే గావాలె నాకు.”

ఫోన్ పెట్టేశాడో లేదో బాలలక్ష్మి చేసింది. “అన్న ఇయ్యాల పోలే. ఆటో వచ్చి ఎనుకకు పోయింది. బతిమిలాడిన, కోప్పడ్డ. గోడ దిక్కు మర్లి పన్నడు. మొఖం వాచినట్టు కొడుతుంది. నువ్వు ఏడున్నవ్?”

“కరీంనగర్లనే,” అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. లేచి మళ్లీ నిరంజన్ దుకాణానికే నడిచాడు. ఈసారి అరవలేదు. గల్లా ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు.

“ఆమె ఎవలు? ఏ ఊరు?”

సేటు ఆయన మొహం చూశాడు. నవ్వు తీసేశాడు. “ఖానాపూర్. గంగుబాయి. గాజులమ్ముతది, అంగడి అంగడి తిరుగుతది. అందరికీ ఎరికే.”

ఆ రాత్రి బస్టాండులోనే పడుకొని, జగిత్యాలలో బస్సు మారి, పొద్దెక్కకముందే ఖానాపూర్‌లో దిగాలని మరునాడు చీకటితోనే బయలుదేరాడు. దారంతా మాటలు కూర్చుకున్నాడు. నా దగ్గర మూడున్నయి, నీ దగ్గర ఒకటున్నది. మూడింటికి ఒకటి వచ్చి చేరాలె గాని ఒకదానికి మూడు ఎట్ల వస్తయి? న్యాయం నువ్వే చెప్పు. ఆమె బండి కూడా ఇటుకల మీద లేచి, బానెట్ తెరుచుకొని, దిక్కులేక పడి ఉంటుందని అనుకున్నాడు. అవసరమైతే ఆమె ఎట్లా కూర్చుందో తానూ అట్లానే ఆమె వాకిట్లో కూర్చుంటాడు. పిస్టన్ చేతిలో పడేదాకా లేవడు.

ఇల్లు చూపించమంటే చిన్నపిల్లలు కూడా చూపించారు. వాకిట్లో బూడిదరంగు అంబాసిడర్ ఉంది. ఇటుకల మీద లేదు. ఇంజన్ నడుస్తోంది. రామచంద్రం చెవి దాని మీద పడింది. చెవిన పడగానే సగం న్యాయం అక్కడే ఆవిరైపోయింది.

గంగుబాయి నడివయసు మనిషి, చీర కొంగు నడుముకు బిగించి, అట్టపెట్టెల్లో గాజుల కట్టలు సర్దుతోంది. వెనక డిక్కీ నిండింది. ఇప్పుడు వెనక సీటు మీద పరుస్తోంది.

“కోన్? ఎవరు గావాలె, దాదా?”

చెప్పాడు. నిరంజన్ సేటు, సెట్టు, మూడు, ఒకటి, బోరు కొట్టించడం, అంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ వరుసలో రాలేదు.

ఆమె విని, బానెట్ మీద అరచేయి వేసి చూపించింది. “నీ పిస్టన్ దీంట్లనే ఉన్నది. తిరుగుతుంది. ఇప్పి తీస్కపోతవా?”

“నాలుగు బోర్లు కొట్టిచ్చినవా? మిగిలిన మూడు ఏడ దొరికినయి?” అన్నాడు ఆశగా. ఎక్కడో ఇంకొక సెట్టు ఉందేమో.

“నాలుగెందుకు? మూడో బోరుల పిస్టన్ పలిగింది. గదొక్కటే కొట్టిచ్చిన. మూడు పాతయే, ఒకటి కొత్తది. బస్.”

“ఒక్కటి వేరే సైజా? బండి వణుకది?”

గంగుబాయి మొదటిసారి నవ్వింది. “నేను ఏం అమ్ముతనో చూసినవా, దాదా? గాజులు. దీంట్ల వణికేదుంటె నా బతుకు ఎన్నడో ముక్కలైతుండె. నిర్మల్ మిస్త్రీ పిస్టన్లను కంసాలి తరాజుల తూచిండు. బరువున్నదాని లోపలి దిక్కు జరజర గీకి, నాలుగు సమానం చేసిండు. నమ్ముతలేవా? జన్నారం అంగడికి పోతున్న. నువ్వు గూడ మంచిర్యాల దిక్కే గద పోవాలె. ఎక్కు. ముందట గాదు, ఎనుక కూసో. గాజులు పట్టుకో.”

కోపం రావాలి గదా రామచంద్రానికి. వచ్చింది కూడా. ఇంత దూరం వచ్చి, ఉత్త చేతులతో, గాజుల పెట్టెలు పట్టుకోవడానికా? కాని ఇంజన్ ఆగకుండా నడుస్తోంది, ఆ చప్పుడు ఆయనను ఊరికే పోనివ్వలేదు. డ్రైవర్లకు చెవే ముందు ఒప్పుకుంటుంది, నోరు తరువాత. ఎక్కి కూర్చున్నాడు. ఒక తొడ మీద మూడు పిస్టన్ల సంచీ, రెండో తొడ మీద గాజుల పెట్టె. పక్కన సీటంతా గాజులే.

ఊరు దాటాక అడవి. రోడ్డు మీద జంతువుల కోసం వేసిన స్పీడ్ బ్రేకర్లు వరుసగా వస్తున్నాయి. గంగుబాయి ఒక్కొక్కదాని ముందు గేరు దించి, ఎక్కించి, దించి, మళ్లీ గేరు మార్చి పోతోంది. ఇంజన్ ఎక్కడైనా తడబడుతుందేమో, మూడో బోరు దగ్గర దరువు తప్పుతుందేమో అని రామచంద్రం చెవులు రిక్కించి కూర్చున్నాడు. తప్పలేదు. కొత్త బండంత మెత్తగా పోతోందనీ కాదు. వణుకు ఉంది. కాని అన్ని అంబాసిడర్లకూ ఉండే పాత వణుకే అది, ఆయనకు తన ఇంటి గడప ఎంత తెలుసో అంత తెలిసిన వణుకు. చేతిలోని పెట్టెకు చెవి ఆనించాడు. గాజులు గలగలమనలేదు. ఒకదానికొకటి ఆనుకొని, అలాగే ఉన్నాయి.

చెక్‌పోస్టు దగ్గర బండి ఆగినప్పుడు ఆయన ముందు సీటు మీద చేయి వేశాడు. “అక్కా, మా బావ ఒకాయన ఉన్నడు. తుంటిల రాడ్డున్నది. గిట్లనే ఎనుక సీట్ల పండుకొని పోతడు.”

“మరి ఇంతసేపు చెప్పవాయె?” అంది గంగుబాయి. అద్దంలో ఆయనను చూసింది. “గాజులకు ఆగింది మనిషికి ఆగదా? ఉన్నదాన్నే ఏసుకో. లేనిదాని ఎంబడి తిరిగితె బండి లేస్తదా?”

ఆ మాట సూటిగా వెళ్లి తగలాల్సిన చోటే తగిలింది. మొగిలి ఫోన్‌లో అన్న మాటే అది. మొదటి రోజే పిస్టన్ తుడిచి, వెలుతురులో తిప్పి, చేతిలో పెట్టినంత పని చేశాడు. వినకపోగా, ముష్టి బండా అని ఆయన మీదికే ఒంటికాలి మీద లేచాడు తాను. ఇక్కడ తిరిగిన తిరుగుడంతా ఏమైంది? అక్కడ హనుమండ్లు గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. రామచంద్రానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

జన్నారంలో దించి, గంగుబాయి ఆకుపచ్చ గాజుల కట్ట ఒకటి చేతిలో పెట్టింది. “మీ ఇంటామెకు. పిస్టన్ తీసుకున్నందుకు కోపం వద్దు.” అక్కడినుంచి మంచిర్యాలకు బస్సులో పోయేసరికి ఆ కట్టలో రెండు గాజులు పగిలాయి.

షెడ్డు చేరేసరికి మొగిలి వేరే బండి కింద పడుకొని ఉన్నాడు. రామచంద్రం నేరుగా అరమీది దేవుడి పటాల దగ్గరకు పోయాడు. పాత పిస్టన్ బోర్లా ఉంది, దాని పక్కగోడకున్న రంధ్రంలో ఊదుబత్తులు గుచ్చి ఉన్నాయి, పైన బూడిద. ఊదుబత్తులు తీసి పక్కన పెట్టాడు. పిస్టన్‌ను ఎత్తి, బూడిద ఊది, అంగీతో తుడిచాడు.

“ఏందది? దేవునికాడిది ముట్టుకుంటున్నవ్,” అన్నాడు బండి కిందినుంచి మొగిలి.

“మొగిలీ, స్లీవ్ ఎయ్యి.”

మొగిలి బయటికి జరిగి, పడుకునే పైకి చూశాడు. రామచంద్రం ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో పాత పిస్టన్ పట్టుకొని నిలబడి ఉన్నాడు. మొగిలి నాలుగు మాటలు అంటాడేమో అనుకున్నాడు, అనాలి కూడా. ఆయనకు ఆ హక్కు ఉంది.

“ఇరవై రింగులు మంచిర్యాలల దొరుకుతయి,” అన్నాడు మొగిలి లేచి చేతులు తుడుచుకుంటూ. “గని ముందుగాల నాలుగింటిని తూకం ఎయ్యాలె.”

“కంసాలి తరాజుల. ఎరికే. లోపలి దిక్కు గీకాలె.”

“ఓహో, గీకుడు గూడ నేర్చుకొచ్చినవా?”

“తప్పాయె, మొగిలీ.”

మొగిలి ఆ మాట విననట్టే పిస్టన్ అందుకొని బల్ల మీద పెట్టాడు.

పని ఒక్క పూటలో అయ్యేది కాదు. ఈలోగా హనుమండ్లు ఆగలేడు. కాళ్లు, మొహం వాచి, మాట ముద్దగా వస్తోంది. రామచంద్రం తానే ఆటో పిలిచి, తాను ముందు ఎక్కి కూర్చొని, “నీ కాలు నా ఒళ్లె పెట్టు బావా. దెబ్బ నాకు తాకినంకనే నీకు తాకాలె,” అన్నాడు. హనుమండ్లు ఒద్దన్నాడు. చెల్లెలు ఏడుస్తుంటే ఒప్పుకున్నాడు. మంచిర్యాలదాకా ఆ వంగని కాలును రెండు చేతులతో గుండెకు అదుముకొని, ప్రతి గుంత ముందూ తుంటిని సీటు నుంచి ఎత్తి పట్టాడు రామచంద్రం. దిగేసరికి ఆయన నడుము పట్టేసింది. ఇది ఇన్నాళ్లు బావ ఒక్కడే పడ్డాడని ఆయనకు అప్పుడు ఒంటికి తెలిసింది. ఆ తరువాత లేతువాణ్ణి గాని, మొగిలిని గాని ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. పోయి షెడ్డు ముందు కూర్చునేవాడు. మొగిలి గీకుతుంటే చూసేవాడు. చాయ్ వస్తే చల్లారేదాకా పట్టుకొనేవాడు.

బండి లేచిన పొద్దున హనుమండ్లును వెనక సీటులో పడుకోబెట్టారు. బాలలక్ష్మి తలకింద దిండు పెట్టి, చేతికున్న ఆకుపచ్చ గాజులు అద్దానికి తగలకుండా తలుపు మెల్లగా వేసింది. రామచంద్రం తాళం తిప్పాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. మొగిలి బానెట్ మీద అరచేయి వేసి కాసేపు ఉంచి, తీసేసి, పొమ్మన్నట్టు తల ఊపాడు.

మందమర్రి దాటుతుండగా వెనకనుంచి గొంతు వినబడింది. “బావా, నాలుగు కొత్తయేనా?”

మునుపైతే అవునని ఛాతీ విరిచేవాడు. “మూడు కొత్తయి. ఒకటి పాతది. మొగిలి ఊదుబత్తులు గుచ్చుకున్నది.”

“గందుకేనా గుడి వాసనొస్తుంది,” అన్నాడు హనుమండ్లు. వాచిన మొహంలో నవ్వు వచ్చినట్టు అద్దంలో కనిపించింది.

దవాఖాన ముందు బండి ఆపి వెనక్కి తిరిగాడు. బావ నోరు కొంచెం తెరిచి, కాలు బారజాపి నిద్రపోతున్నాడు. పై పెదవి మీద పళ్ల గుర్తు అప్పటికింకా మానలేదు. లోపలికి పిలవడానికి ఇంకా వేళ ఉంది. ఇంజన్ ఆపితే ఆ చప్పుడు తేడాకు లేస్తాడని రామచంద్రం ఆపలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టి, వణుకు చూసుకుంటూ, ఆయన లేచేదాకా కూర్చున్నాడు.